చివరి పట్టు ఎవరిది?

తేనె తీసినవాడు చెయ్యి నాకకుండా వుంటాడా అని సామెత. మన ఏజెన్సీలో తేనె తీసినవాడికి దక్కేది ఆ చెయ్యి నాకుడు మాత్రమే. కడవ షావుకారు ఇంటికి పోతుంది.

ఏటా కార్తీకం చుట్టుపక్కల అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో వలిసె చేలు పచ్చగా పూస్తాయి. పట్నాల నుంచి వచ్చేవాళ్లు ఆ చేలల్లో నిలబడి ఫొటోలు తీసుకుని పోతారు. గిరిజన రైతుకు మాత్రం అది రెండు పంటల కాలం. ఒకటి వలిసె గింజ, రెండోది తేనె. వలిసె మొక్క తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టలేదు. పక్క మొక్క పుప్పొడి మోసుకొచ్చేది ఈగే. కాబట్టి ఈగ లేకపోతే తేనెతోబాటు గింజా తగ్గుతుంది.

పూత రాలిపోయి పుష్యమాసపు చలి ముదిరేసరికి ఆ కొండల మీద రాత్రి వేడిమి 10 డిగ్రీల కిందకు కూడా జారుతుంది. ఈగకు బయట మేత కరువవుతుంది. కాఫీ తోటలు పూసేది మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలల్లో. అందాకా పెట్టెలో దాచుకున్న తేనె మీదే ఈగ చాలావరకు బతకాలి. సరిగ్గా ఈ రోజుల్లోనే పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. "ఈగ లేచిపోయింది" అంటాడు రైతు. "పెట్టెలిచ్చినా వీళ్లు నిలుపుకోలేరు" అంటాడు అధికారి. రైతు చెప్పింది నిజం. అధికారి చెప్పింది మనం ఒప్పుకోవలసిన మాట కాదు.

ముందు ఈగ సంగతి చూద్దాం. కొండల్లో పెట్టెల్లో ఎక్కువగా పెంచేది మన దేశపు ఈగనే. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో తనంతట తానే కాపురం పెట్టేది ఇదే. దీనికి పౌరుషం ఎక్కువ. కూడు తగ్గినా, చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా, అస్తమానం పెట్టె తెరిచి కదిలించినా రాణిని వెంటబెట్టుకుని గుంపు గుంపంతా లేచిపోతుంది. చలికాలంలో ఈగలన్నీ ముద్దగా చేరి ఒళ్లు అదిలిస్తూ వేడి పుట్టించుకుంటాయి. పిల్లలున్న చోట 34, 35 డిగ్రీల వేడి నిలబెట్టాలి. ఆ పొయ్యిలో కట్టె తేనే. చివరి పట్టు కూడా పిండుకున్నామంటే పొయ్యి ఆర్పేసినట్టే.

మరి చివరి పట్టు ఎందుకు పిండుతున్నారు? తెలియక కాదు. విత్తనపు గింజ తినకూడదని తెలియని రైతు ఎక్కడైనా వున్నాడా? అయినా పిల్లలు ఆకలికి ఏడిస్తే విత్తనమే దంచుకుంటాడు. పెట్టెలో మిగిల్చే తేనె విత్తనపు గింజలాంటిది. సంతలో షావుకారు ముందే బయానా ఇచ్చి వుంటాడు. సంక్రాంతి ముందు వచ్చి కూర్చుంటాడు. పట్టుకు మూత పడిందా లేదా అని చూడడు, తూకం చూస్తాడు. మూత పడని పచ్చి తేనెలో నీరు ఎక్కువ, అది త్వరగా పులుస్తుంది. ఆ పచ్చి తేనె తొందరపెట్టి తీయించేదీ వాడే, తర్వాత పులిసిందని ధర కోసేదీ వాడే. తేనె గడ్డకడితే "చక్కెర కలిపావు" అని ఇంకో కోత. గడ్డకట్టటం తేనెకు సహజ గుణం. పూతను బట్టి కొన్ని తేనెలు తొందరగా గడ్డకడతాయి. అంతమాత్రాన కల్తీ అనటం దబాయింపు తప్ప మరోటి కాదు.

అసలు కల్తీ ఎక్కడ జరుగుతోంది? 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. ఎన్‌.ఎం.ఆర్‌. అనే పరీక్షలో 10 బ్రాండ్లు తప్పాయి. మామూలు పరీక్షలకు దొరక్కుండా తయారుచేసిన చక్కెర పాకం కలుపుతున్నారని ఆ సంస్థ ప్రకటించింది. కంపెనీలు కాదన్నాయి. కంపెనీల వాదన ఏదైనా, పాకం చౌకగా దొరికినంత కాలం అసలు తేనెకు ధర లేవదు. అరకు సంతలో గిరిజన స్త్రీ డబ్బా తేనెకు వచ్చే ధర ఎక్కడో ఫ్యాక్టరీలో ఉడికే పాకం ధరతో ముడిపడి వుంది. ఆ ధర చాలకే ఆమె చివరి పట్టు కూడా పిండుతోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మనం అనటం లేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ వుంది, తేనె కొంటోంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి వాటిపై గిరిజనులకు హక్కు ఇచ్చింది. 2020 మేలో కేంద్రం అడవి తేనెకు మద్దతు ధర కిలోకు 225 రూపాయలు చేసింది. అదే ఏడు తేనెటీగల పెంపకానికి 500 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. కానీ ఆ మద్దతు ధర అడవిలో తీసిన తేనెకే. పెట్టెలో పెంచిన తేనెకు అది లేదు. పెట్టె పంచేరోజున బ్యానరు, దండలు, ఫొటో. పూత పోయి చలి పట్టిన రోజున ఆ పెట్టె ఎలా వుందో చూసే నాథుడుండడు. పెట్టెలు ఎన్ని పంచారో లెక్క చెబుతారు. ఏడాది తిరిగాక ఎన్నిటిలో ఈగ బతికి వుందో ఆ లెక్క చెప్పమనండి!

అయితే అన్నీ సర్కారు మీద తోసి కూర్చుంటే ఈగ బతకదు. మన చేతిలో వున్న పనులు మనం చేయాలి. మన సంఘాలు ఊరూరా ఈ నాలుగు మాటలు చెప్పాలి.

తేనె తీసేటప్పుడు పట్టులో ముప్పాతిక వంతుకు పైగా గదులకు మైనపు మూత పడి వుండాలి. పై అరలోదే తీయాలి. కింద పిల్లలుండే అరలోని తేనె ఈగది, దాని జోలికి పోకూడదు. పట్టును పిండకుండా తిప్పుడు యంత్రంతో తీస్తే పట్టు మళ్లీ పనికొస్తుంది, ఈగకు కట్టే చాకిరీ తప్పుతుంది. యంత్రం ఒకరు కొనలేరు, పది ఇళ్లు కలిస్తే కొనవచ్చు. తీసిన తేనెను పలుచని శుభ్రమైన గుడ్డలో వడకట్టి, పొడిగా తుడిచిన స్టీలు డబ్బాలోగానీ గాజు సీసాలోగానీ పోసి బిగించాలి. తేనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు నూటికి 20 పాళ్లు దాటితే ప్రభుత్వ ప్రమాణానికీ నిలవదు. ఇత్తడి, రాగి పాత్రలు వద్దు. నేరుగా పొయ్యి మీద కాచవద్దు. గడ్డకడితే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో వుంచితే చాలు.

ఇక పెట్టె సంగతి. చలికి ముందే ఒకసారి మధ్యాహ్నం ఎండలో తెరిచి చూడాలి. ఈగ కమ్మని ఖాళీ పట్టులు తీసేయాలి, లేకుంటే మైనపు పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. వాకిలి ఒకటి రెండు ఈగలు పట్టేంత సందుకు తగ్గించాలి. పైన గోనెపట్టా, ఎండుగడ్డి కప్పాలి కానీ గాలి ఆడకుండా మూసేయకూడదు. ఉదయపు ఎండ తగిలేచోట, వాన నీరు నిలవని చోట పెట్టాలి. కోళ్ల కింద నీళ్ల ముంతలు పెడితే చీమలు ఎక్కవు. బలం లేని గుంపులు రెండుంటే కలిపేయటం మేలు. నిల్వ చాలకపోతే పంచదార పాకం పోయాలి. చలిలో రెండు పాళ్లు పంచదారకు ఒక పాలు నీరు. బెల్లం పాకం వద్దు, ఈగకు అరగదు. పాకం సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టాలి. బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పూత వున్న రోజుల్లో మాత్రం పాకం పోయకూడదు. అప్పుడు పోస్తే అది తేనెలో కలుస్తుంది, కంపెనీ చేసే పనే మనమూ చేసినట్టవుతుంది.

ఎంత ఖర్చిది? పెట్టెకు వారానికి పావు కిలో పంచదార వేసుకున్నా ఎనిమిది వారాలకు రెండు కిలోలు. పది పెట్టెలకు 20 కిలోలు. పెట్టె ఉచితంగా ఇచ్చే ప్రభుత్వం ఆ పెట్టెలో ప్రాణం నిలిపే రెండు కిలోల పంచదార ఇవ్వలేదా?

పెట్టెలు లేని కూలీకి ఇందులో ఏం పని అని కొందరు కార్యకర్తలు అడగవచ్చు. పని వుంది. ఈగకు పట్టా భూమి అక్కర్లేదు. పెరట్లోనో గట్టు మీదనో నాలుగు పెట్టెలకు చోటు చాలు. సెంటు భూమి లేనివాడు కూడా చేపట్టగల జీవనాధారాల్లో ఇదొకటి. మైదాన ప్రాంతాల్లో సంగతి వేరు. అక్కడ పెద్ద పెంపకందార్లు పొద్దుతిరుగుడు లాంటి పూతల వెంట లారీల మీద పెట్టెలు తిప్పుతారు. పగలు ఈగలు మేతకు పోతాయి కాబట్టి పెట్టెలు ఎత్తేది రాత్రిపూటే. ఆ ఎత్తేది కూలీ. ముఖానికి వల, చేతికి తొడుగు లేకుండా కుట్లు తినేది కూలీ. రాత్రి పనికి రాత్రి కూలి అడగాలి. వల, తొడుగు యజమాని ఇవ్వాలి. కుట్టిన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అది ప్రాణం మీదకొచ్చే ప్రమాదం. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. చేలో పూత మీద మందు కొట్టించే రైతులకూ ఒక మాట. పగలు కొట్టే మందు ఈగను చంపుతుంది, పంపు మోసే కూలీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టాలి. పెట్టెలున్న వాళ్లకు ముందురోజే చెప్పాలి.

కాబట్టి మన కోర్కెలు ఇవి. పెట్టె తేనెకూ మద్దతు ధర ప్రకటించాలి. సహకార సంస్థ పూత ముగిసేనాటికి సంతలోనే తూకం వేసి, అక్కడికక్కడే డబ్బు ఇవ్వాలి. గడ్డకట్టిందని ధర కోయకూడదు. పెట్టె ఇచ్చిన ప్రతి కుటుంబానికి మేత లేని కాలానికి పంచదార, ఏడాది పొడుగునా శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లో, పెట్టె తెరిచి చూపిస్తూ జరగాలి. సంక్రాంతి ముందు షావుకారు బయానాకు బదులు వడ్డీ లేని అప్పు దొరకాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుట్లకు వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎప్పుడూ నిల్వ వుండాలి.

ఈ కోర్కెల్లో ఏదీ ఖజానాను ముంచేది కాదు. అయినా అడగందే రావు. ఒక్కో ఇల్లు విడివిడిగా షావుకారు తక్కెడ ముందు నిలబడితే చివరి పట్టు కూడా వాడిదే. ఊరంతా ఒక్క తూకంగా నిలబడి "మూత పడిన తేనే అమ్ముతాం, ఈ ధరకే అమ్ముతాం, ఈగ వాటా ఈగకు వదులుతాం" అంటే వాడు దిగిరాక తప్పదు. కార్యకర్తలు ఈ వలిసె పూత ముగియకముందే సంతల్లో సమావేశాలు పెట్టాలి. చివరి పట్టు పెట్టెలో మిగిలితేనే వచ్చే ఏడు మొదటి పట్టు వుంటుంది.