ఇంటిబడి: జడత్వమంటే సోమరితనమా?

కిందటి నెలలో మా చిన్నవాడు ఆగీ ఆగని బస్సులోంచి దిగబోయి, మోకాళ్ళు గీరుకుని ఇంటికి వచ్చాడు. వారం ముందే వాడు కన్నడ బడిలో 'జడత్వ'ను గురించి పరీక్ష వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు! మన తెలుగులోనూ అది జడత్వమే. మాట నోటికి వచ్చింది గాని విషయం ఒంటబట్టలేదని మాకు అప్పుడు తెలిసింది. ఆ ఆదివారం ఇంట్లోనే బడి పెట్టాము.

గ్లాసు మీద అట్టముక్క, దాని మీద రూపాయి బిళ్ళ ఉంచాము. అట్టను మెల్లగా లాగితే బిళ్ళ కూడా వచ్చింది. వేలితో చటుక్కున మీటితే అట్ట ఎగిరిపోయి, బిళ్ళ గ్లాసులో పడ్డది.

"బిళ్ళకు బద్ధకం, నాన్నా!" అన్నది మా అమ్మాయి.

"అది సగం సంగతే" అన్నాము.

తరువాత బొమ్మలారీ మీద కొయ్యబొమ్మను నిలబెట్టి గడపవైపు తోశాము. గబుక్కున తోస్తే బొమ్మ వెనక్కు పడ్డది. నెమ్మదిగా తోస్తే నిలిచింది గాని, లారీ గడపకు తగిలి ఆగగానే ముందుకు బోర్లాపడ్డది. చిన్నవాడు మోకాళ్ళు తడుముకున్నాడు. కాళ్ళు నేల తాకి ఆగినా, ఒళ్ళు బస్సు వేగంతోనే ముందుకు పోతుంది గదా! బొమ్మను దారంతో లారీకి కట్టి తోస్తే పడలేదు. కారులో సీటుబెల్టు చేసే పని అదే.

"మరి దొర్లే గోలీ ఆగిపోతుందేం?" అన్నది అమ్మాయి. మంచి ప్రశ్న. ఏటవాలుగా పెట్టిన పుస్తకం మీదినుంచి గోలీని ఒకసారి గోనెసంచి మీదికి, ఒకసారి నున్నని నేల మీదికి వదిలాము. నేల మీద చాలా దూరం పోయింది. గోలీ తనంతట తాను ఆగదు; రాపిడి దాన్ని ఆపుతుంది. గెలీలియో ఆలోచించిన ఈ సంగతిని న్యూటను 1687లో తన మొదటి సూత్రంగా చెప్పాడు. బయటి బలం తగలనంతవరకు నిలిచినది నిలిచే ఉంటుంది, కదిలేది అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుంది.

ఈ ప్రయోగాలకు కానీ ఖర్చు లేదు. మీ ఇళ్ళలోనూ చేసి చూపండి. మావాడు ఇప్పుడు బస్సు పూర్తిగా ఆగేదాకా కమ్మీ వదలడం లేదు. మార్కులకంటె మాకు అదే సంతోషం.