పనిముట్టు మారిస్తే పాట మారుతుందా?

“కొత్తొక వింత, పాతొక రోత” అన్నారు పెద్దలు. ఈ సామెత నేటి సంగీత విద్యార్థులు వాడే కంప్యూటర్ సాధనాలకు చక్కగా వర్తిస్తుంది. పాటను రికార్డు చేసి, ఒక్కొక్క గొంతునూ వాద్యాన్నీ వేరువేరు ట్రాకులుగా అమర్చి, హెచ్చుతగ్గులు సరిదిద్ది, తుదిరూపం ఇచ్చే సాఫ్ట్‌వేర్లు నేడు అనేకం ఉన్నాయి. మన కళాశాల సాంస్కృతిక సంఘంలో ఇటీవల తరచుగా వినిపిస్తున్న ప్రశ్న కూడా ఇదే: ఇన్నేళ్ళుగా వాడుతున్న సాఫ్ట్‌వేర్‌ను విడిచి, పెద్ద స్టూడియోలలో పేరుపొందిన మరొకదానికి మారవలెనా?

ఈ చర్చ అంతా “ఏది గొప్ప?” అన్న మాట చుట్టూనే తిరుగుతున్నది. నిజానికి ఆ మాటకు అంత విలువ లేదు. 1989లో వెలువడిన క్యూబేస్, 1991లో వెలువడిన ప్రో టూల్స్, 2001లో వచ్చిన ఏబుల్టన్ లైవ్, ఇంకా ఎఫ్.ఎల్. స్టూడియో, లాజిక్, రీపర్ మొదలైనవన్నీ శబ్దాన్ని అంకెలుగా మార్చి భద్రపరచేవే. ఒకటి వేదికపై అప్పటికప్పుడు వాయించేందుకు అనువుగా ఉంటుంది. మరొకటి రికార్డు చేసిన దానిని కత్తిరించి అతికేందుకు అనువుగా ఉంటుంది. పని చేసే పద్ధతిలో భేదమున్నది గాని, ఒకే మైకుతో ఒకే గదిలో పట్టిన గొంతు సాఫ్ట్‌వేర్ మారినంత మాత్రాన తీయబడదు. పాటలోని మంచిచెడ్డలు గాయకుని సాధన నుండి, మైకు నుండి, గది నుండి, కూర్చేవాని చెవి నుండి వస్తాయి.

“మన గమకాలకూ, గజల్‌లోని మీండ్‌కూ ఈ సాఫ్ట్‌వేర్ లొంగదు” అని కొందరు మిత్రులు అంటున్నారు. ఇందులో కొంత సత్యమున్నది. 1983లో ఏర్పడిన మిడి పద్ధతిలో స్వరాలకు 0 నుండి 127 వరకు సంఖ్యలిచ్చారు. సాధారణంగా వాటిని స్థాయికి పన్నెండు మెట్లుగానే వాడుతారు. కాని ఇటువంటి చిక్కు మనకు కొత్త కాదు. హార్మోనియం స్వరాలు కదలవన్న కారణంతో ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. అయినా మన పౌరాణిక పద్యనాటకాల రంగస్థలం హార్మోనియాన్ని విడువలేదు, ఖవ్వాలీ మెహఫిల్ విడువలేదు. పరిమితి తెలిసిన కళాకారులు దానిని గొంతుతో పూరించుకొన్నారు. సాఫ్ట్‌వేర్‌లో కూడా స్వరాన్ని వంచే సౌకర్యమున్నది. తాళపు గళ్ళకు శబ్దం అతుక్కోకుండా ఆపే సౌకర్యమున్నది. ఉన్నదానిలో వీటిని నేర్వనివారికి కొత్తదానిలోనూ అదే ఇబ్బంది ఎదురవుతుంది.

అయితే మారనే వద్దా? మారవలసిన కారణాలు ఉన్నాయి, అవి వేరు.

మొదటిది, మన పాటలపై మనకు ఉండవలసిన అధికారం. 2002లో ఆపిల్ సంస్థ ఎమాజిక్ సంస్థను కొనుగోలు చేయగా, విండోస్ కంప్యూటర్లలో లాజిక్ వాడేవారికి దారి మూసుకొనిపోయింది. 2017 నవంబరులో గిబ్సన్ సంస్థ తన కేక్‌వాక్ సోనార్ అభివృద్ధిని నిలిపివేసింది. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ సంస్థ దానిని కొనుగోలు చేయడంతో వాడుకరులు ఊపిరి పీల్చుకొన్నారు. ఎక్కడో జరిగే వ్యాపార నిర్ణయం ఇక్కడి పాటను ఎలా బంధిస్తుందో ఈ ఉదాహరణలు చెబుతాయి.

ఈ బంధం ఎలా ఏర్పడుతుందో మన కళాశాల విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. ఒకే పాటను ఉర్దూ లిపిలోనూ వ్రాయవచ్చు, తెలుగు లిపిలోనూ వ్రాయవచ్చు. ఒక లిపి మాత్రమే వచ్చినవానికి రెండవ కాగితం ఉత్త గీతలు. ప్రాజెక్టు ఫైలు అటువంటిదే. అది పాటను కూర్చిన వైనాన్ని ఒక సంస్థ తన సొంత లిపిలో వ్రాసుకొన్న చిట్టా. ఆ లిపి చదివే సాఫ్ట్‌వేర్ లేనినాడు, ముషాయిరాలలోను, కవిసమ్మేళనాలలోను మనం పట్టుకొన్న గొంతులను విడివిడిగా అందుకొనడం కష్టమవుతుంది.

దీనికి విరుగుడు సులువైనదే. ప్రతి ట్రాకునూ పాట ఆరంభం నుండి ఒకే బిందువున మొదలయ్యేటట్లు వేవ్ ఫైలుగా వెలికి తీయవలెను. స్వరాలను మిడి ఫైలుగా దాచవలెను. లయవేగం, శ్రుతి, పాడినవారి, వాయించినవారి పేర్లు, సాహిత్యం ఒక చిన్న పత్రంలో రెండు లిపులలోను వ్రాసిపెట్టవలెను. 48 వేల నమూనాలు, 24 బిట్ల చొప్పున ఒక మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటకు 20 ట్రాకులున్నా ఒక గిగాబైటు నిండదు. రెండు వేరువేరు చోట్ల రెండు ప్రతులు ఉంచడం ఏ కళాశాలకూ భారం కాదు.

రెండవది, విద్యార్థి అందుబాటు. ఇప్పుడు మన రికార్డింగు గదిలో ఉన్నది ఏటేటా చందా కట్టి ఒకే కంప్యూటర్‌పై నడుపుతున్న సాఫ్ట్‌వేర్. కొందరు కోరుతున్నది దానికన్న ఖరీదైనది. గదికి తాళం పడగానే విద్యార్థి సాధనకు కూడా తాళం పడుతున్నది. చందా కట్టలేనివారికి దొంగప్రతులు దొరుకుతాయని అందరికీ తెలుసు. పేదరికం దొంగతనానికి సాకు కాదు. అయితే విద్యార్థిని ఆ దారికి నెట్టే సాధనాన్ని విద్యాసంస్థ ఎన్నుకొనడం కూడా న్యాయం కాదు. ఆర్డర్, ఆడాసిటీ వంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. రీపర్‌ను 60 రోజులు పరీక్షించి చూడవచ్చు. వ్యక్తిగత వినియోగానికీ, విద్యాసంస్థలకూ వర్తించే దాని తగ్గింపు లైసెన్సు వెల 60 డాలర్లు. అది పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. ఇంటివద్ద ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లో ఒక విద్యార్థిని రాత్రి చేసిన పనిని మరునాడు కళాశాలలో కొనసాగించగలగడం ఎంతటి పేరుప్రతిష్ఠలకన్నా మిన్న.

కావున నా అభిప్రాయం ఇది. మారుదాం, కాని గొప్పదానికోసం కాదు, అందరికీ అందేదానికోసం. అదీ తొందరపడి కాదు. వార్షికోత్సవానికి ముందు, సగం పనిలో ఉండగా, సాధనం మార్చడం ఏరు దాటుతూ పడవ మార్చినట్లవుతుంది. చేతిలోని పనులు ముగించి, పాత పాటలన్నింటినీ వేవ్ రూపంలో విడిపించుకొన్న తరువాత, ఒక చిన్న పాటను మొదటినుండి చివరివరకు కొత్తదానిలో చేసి చూడవలెను. చేసినవారిలో అనుభవజ్ఞులతోపాటు ఆ ఏడే చేరిన విద్యార్థి ఒకరైనా ఉండవలెను. వారి మాట విని నిర్ణయించవలెను. పాతదాని చందా కూడా ఒక ఏడాది కొనసాగించడం మంచిది. వెలికి తీయడంలో జారిపోయినవి ఏవైనా ఉంటే ఆ లోపల బయటపడతాయి.

కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు అనుమతించే ముందు, పాత పాటల ప్రతులు సిద్ధమైనవా, కొనబోయేది విద్యార్థి ఇంటిలో కూడా నడుస్తుందా అని ఈ రెండు విషయాలు లిఖితపూర్వకంగా అడగండి. విద్యార్థి మిత్రులు ఆ సమాధానాలను సిద్ధం చేసుకొని రావడం వారి బాధ్యత. పది సంవత్సరాల తరువాత ఈ కళాశాలలో చేరబోయేవారు మన పాటలను వినడమే గాక, విప్పి చూసి నేర్చుకొనవలెను. ఆ హక్కు వారికి మిగిల్చే నిర్ణయమే మంచి నిర్ణయం.