ఇరవై రెండు శాతం లెస్

మా యమ్మ రెక్కల కష్టానికి రేటు రాసింది నేనే. వేరెవరో రాశారని చెప్పుకుంటే నాకు సుఖంగానే ఉండేది.

2010. డిగ్రీ రెండో ఏడాది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినోణ్ణి నేనొక్కణ్ణే. ఫీజు కోసం ఒక శానిటేషన్ కాంట్రాక్టరు దగ్గర సాయంత్రాలు లెక్కలు రాయడానికి కుదిరాను. ‘ఏరా’ అనకుండా ‘ఏమయ్యా’ అన్నాడు. దానికే పొంగిపోయాను, సిగ్గు లేకుండా.

అప్పుడే పెద్దాసుపత్రి టెండరు పడింది. ఆ ఆసుపత్రి కాన్పుల వార్డులోనే మా యమ్మ నెత్తురు గుడ్డలెత్తేది, పాత కాంట్రాక్టరు కింద. ఇన్ని చదరపు అడుగులు, ఇన్ని దొడ్లు, మూడు షిఫ్టులు, నలభై మంది మనుషులు. ఆఫీసువాళ్ల ఎస్టిమేటును నూరు రూపాయలనుకోండి. కనీస వేతనాలు, యజమాని కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం, అప్పటి ఈఎస్ఐ 4.75 శాతం కలిపి 82. చీపుర్లు, ఫినాయిలు, గ్లవుసులు 8. కాంట్రాక్టరు లాభం 10.

ఆయన సిగరెట్టు ఆర్పి, ‘ఇరవై రెండు లెస్ వెయ్యి’ అన్నాడు. వేశాను. మిగిలింది 78. జీతాలే 82 గదా సార్ అన్నాను. నవ్వాడు.

రోడ్డు టెండరులో లెస్ వేస్తే తారు పల్చబడుద్ది, కంకర తగ్గుద్ది, గుంట పడితే ఊరంతా తిడుద్ది. ఊడ్చే టెండరులో తగ్గించడానికేముంది? మనిషే ముడిసరుకు. మస్టరులో నలభై మంది, వార్డుల్లో ఇరవై తొమ్మిది. పీఎఫ్ కోత కాగితం మీద, డబ్బు ఆయన జేబులో. గ్లవుసులు తనిఖీ రోజున. అమ్మ చేతికొచ్చింది 2,800.

కాంట్రాక్టరొక్కడే దొంగ అనడం తేలిక. 82 అని ఎస్టిమేటు కట్టిందీ ఆఫీసే, 78కి తక్కువ పాటదారుడని సంతకం పెట్టిందీ ఆఫీసే. కూడిక రానోళ్లెవరున్నారక్కడ? మాకు 15 శాతం రిజర్వేషనంటే గుండెలు బాదుకునే మెరిట్ వీరులు ఈ చీపురు పని మాత్రం నూటికి నూరూ మాకూ రెల్లోళ్లకూ వదిలేశారు. టెండరు పాడుకునేటప్పుడు మాత్రం వాళ్లే ముందు వరస.

సెప్టిక్ ట్యాంకులోనో మురుగు గుంటలోనో చచ్చినోడికి 30 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. మంచిదే. బతికున్నోడి గ్లవుసులకు పెట్టిన ఆ 8 రూపాయల్లోనూ లెస్ వేస్తున్నారే, దాన్నెవరడగాలి?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చదువుకున్నోళ్లు. ధర్నాకి జెండాతో పాటు కాలిక్యులేటరు కూడా తీసుకెళ్లండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. ఎస్టిమేటు, ఒప్పందం, మస్టరు, పీఎఫ్ చలానా ఈ నాలుగూ అడగండి. వేతనాల కాలమ్ అసలు పాటకే పెట్టొద్దని అడగండి. పాడుకుంటే ఫినాయిలు మీద పాడుకోమనండి.

ఇప్పుడు నేను సర్కారు బడిలో లెక్కల పంతుల్ని. ఎనిమిదో తరగతికి డిస్కౌంటు పాఠం చెప్తూ ఈ లెక్కే ఇచ్చాను. ముందు బెంచీ పిల్లలు 78 అని రాసి పలకరింపుగా నవ్వారు. మా గూడెం పిల్ల లేచి, ‘సార్, ఆ నాలుగు రూపాయలు ఎవరికి ఎగ్గొడతారు?’ అంది. ఆ పిల్ల తల్లి బస్టాండు ఊడుస్తది.