పుస్తకముల చీటీని గూర్చి ఒక విజ్ఞాపన

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులవారికి,

మహాశయా,

వేసవి సెలవులు ముగిసి, జూన్ రెండవ వారమున బడులు తెరచు వేళకు, ప్రైవేటు పాఠశాలలకు తమ బిడ్డలను పంపు సామాన్య కుటుంబములను ఏటేట ఒక ఆందోళన ఆవరించుచున్నది. ఫీజుల భారమును గూర్చి పలువురు తమకు విన్నవించియే యుందురు. నేను విన్నవింపబూనినది ఫీజు రసీదులో కానరాని మరియొక వ్యయమును గూర్చి: పుస్తకములు, నోటుబుక్కులు, యూనిఫారము, బూట్లు, టై, బెల్టు, డైరీ మున్నగువానినెల్ల బడివారు చెప్పినచోటనే, చెప్పిన ధరకే కొనవలసినదిగా తల్లిదండ్రులను నిర్బంధించు పద్ధతిని గూర్చి.

పూర్వము అన్న చదివిన వాచకము తమ్మునికిని, తమ్ముడు చదివినది పొరుగింటి పిల్లకును సంక్రమించెడిది. అట్టవేసి భద్రపరచిన పుస్తకమునకు హైదరాబాదు కోఠీలోని పాతపుస్తకాల అంగళ్లలో సగము ధర పలికెడిది. ఆ పరంపరను తెంచినది ప్రధానముగా వర్క్‌బుక్కు. పాఠము క్రిందనే ఖాళీగీతలు గీసి, వానిపైననే జవాబులు వ్రాయించుటచే, ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకము మరెవ్వరికిని పనికిరాకుండ పోవుచున్నది. అక్షరములు దిద్దుకొను పసిబిడ్డకు అట్టి పుస్తకము ఉపకరించునని ఉపాధ్యాయులనెడు మాట నేనును అంగీకరింతును. కాని ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్రమునకు దాని యావశ్యకమేమి? జవాబులు వేరొక నోటుబుక్కున వ్రాయించినచో, అదే పాఠ్యపుస్తకము మరి ఇద్దరు ముగ్గురు బిడ్డల చేతులలో చదువై వెలుగును గదా!

2025 సెప్టెంబరు 22 నుండి నోటుబుక్కులు, పెన్సిళ్లు, రబ్బరులపై జీఎస్టీ పూర్తిగా తొలగింపబడినది. అయితే ఆ ఉపశమనము నాలుగు దుకాణములలో ధర విచారించి కొనువానికి దక్కునుగాని, బడివారు ఒక్కటిగా కట్టి యిప్పించు, వస్తువువారీ ధరలులేని కిట్టును మొత్తముగా కొనువానికి, అది తనకు చేరినదో లేదో తెలిసికొను మార్గమైనను లేదు.

యూనిఫారములు, బూట్లు, బెల్టులు బడులలో అమ్మరాదనియు, పుస్తకముల విక్రయమున లాభాపేక్ష కూడదనియు 2024లో హైదరాబాదు జిల్లా విద్యాశాఖాధికారి ఆదేశించినారు. అది హర్షణీయము. కాని ఆవరణలో అమ్మకము మానినను, పిల్లవాని చేతికిచ్చు పుస్తకముల చీటీపై ఒకే దుకాణము పేరున్నచో, నిర్బంధము తొలగినట్లెట్లగును? ఉత్తరప్రదేశమున 2018 నాటి ఫీజుల నియంత్రణ చట్టము ఫలానా దుకాణముననే కొనుమని నిర్బంధించుటను నిషేధించుటయే గాక, ఐదు విద్యాసంవత్సరములలోపల యూనిఫారము మార్చుటను సైతము నివారించినది. మన రాష్ట్రమున అట్టి నియమమున్నచో, అక్కకు పొట్టియైన గౌను చెల్లెలికి నిరాటంకముగా అక్కరకు వచ్చును. ఏ వీథి దర్జీయైనను కుట్టగల సాదాగుడ్డయే యూనిఫారమగును.

కావున తమరు దయతో ఒక్క ఉత్తర్వు వెలువరింపవలెనని ప్రార్థన. రాబోవు తరగతికి వలయు పుస్తకముల పేర్లను, ప్రకాశకుల పేర్లను, ముద్రిత ధరలను ప్రతి బడియు మార్చి నెలలోనే నోటీసుబోర్డుపై ప్రకటింపవలెను; ఆ పట్టికపై ఏ దుకాణము పేరును ఉండరాదు. అప్పుడు ఆటో నడుపు తండ్రియు, ఇండ్లలో పనిచేయు తల్లియు జూన్ నెలలో వడ్డీకి అప్పుచేయు అగత్యము లేక, నెలకు కొన్నిగా, చౌకగా దొరకినచోట, పాతవైనను సరే, కొనుక్కొనగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విద్యార్థి తండ్రి