గేరుబాక్సు తాళం ఎవరి దగ్గరుంది?

పోయిన సంక్రాంతికి తుళ్లూరు వెళ్ళేసరికి నాన్న బండి వేపచెట్టు కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఏమైందంటే "గేరుబాక్సు పోయిందంట్రా, మొత్తం మార్చాలంట. నాలుగున్నర లక్షలు" అన్నాడు. ఆ బండిని ఇప్పుడు అమ్మితే నాలుగు లక్షలొస్తే గొప్ప!

బండి గురించి కాస్త చెప్పాలి. 2011 మోడల్, డీజిలు, ఫోర్ వీల్ డ్రైవ్, అయిదు గేర్ల ఆటోమేటిక్. 2015లో రాజధాని కోసం పొలం ఇచ్చాక, ఆ మరుసటేడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పట్లో మా ఊళ్ళలో కార్లు కొన్నవాళ్ళందరిదీ షోకే అనుకున్నారు జనం. నాన్నది షోకు కాదు. పొలం పోయినా వ్యవసాయం వదలబుద్ధి కాక తాడికొండ అవతల కౌలుకి తీసుకుని మిరప వేస్తున్నాడు. నల్లరేగడిలో నాలుగు చినుకులు పడితే పుంతదారిలో మామూలు కారు అడుగు కదలదు. ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కలేడు. అంటే ఫోర్ వీల్ డ్రైవూ కావాలి, ఆటోమేటిక్కూ కావాలి. ఈ బండి పక్కన పడితే చేనికి పోవటం మానుకోవాల్సిందే. నాకు లెక్కకి వచ్చింది నాలుగున్నర లక్షలు కాదు, అదీ.

సరే, లక్షణాలేంటని అడిగాను. చల్లగా ఉన్నంతసేపు బాగానే పోతుందిట. పది కిలోమీటర్లు పోయాక రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజను గుయ్యిమని లేస్తుంది, ఆ వెంటనే వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ఒక కుదుపు. ఇంకాస్త పోతే దీపం మిణుకుమంటూ బండి ఒకే గేరులో ఉండిపోతుంది. మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా... వేడెక్కాక మాత్రమే వచ్చే బగ్ ఇది. దీనికి సర్వరు మొత్తం పారేసి కొత్తది కొనమని ఎవరైనా అంటే ఊరుకుంటామా? ఆ సర్వీసు సెంటరువాళ్ళు మాత్రం అడుగు ప్లేటు కూడా విప్పకుండానే ఎస్టిమేటు రాసిచ్చారు. విప్పి వెతికితే బిల్లులో ఆ శ్రమకి గడి లేదు. అసెంబ్లీ మారిస్తే ఉంది.

మా వీధిలో ట్రాక్టర్లు బాగుచేసే బాబాయిని పిలిచాం. పాతికేళ్ళ అనుభవం, చెయ్యి పెడితే ఇనుము మాట వింటుంది. ఆయన మొదటి సలహా: "ట్రాక్టరుకి తాడు కట్టి ఆటోనగర్ దాకా లాక్కుపోదాం." చెయ్యొద్దని నేనే ఆపాను. ఆటోమేటిక్‌లో లోపలి భాగాలకి నూనె అందించే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆపి లాగితే చక్రాలు లోపలి గేర్లని తిప్పుతూనే ఉంటాయి, నూనె మాత్రం పారదు. విజయవాడ చేరేలోపు నిజంగానే బాక్సు పోయేది. నాకు స్పానర్లు పట్టుకోవటం సరిగా రాదు, కానీ ఇది చదివాను. ఆయనకి చేతులున్నాయి, ఇది చదివే వీలు ఆయనకెప్పుడూ దొరకలేదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్ అయ్యాం :)

ఆటోమేటిక్ బాక్సు అంటే మరీ బ్రహ్మపదార్థం కాదు. మన కాలు తొక్కే క్లచ్ బదులు లోపల నాలుగైదు క్లచ్ కట్టలుంటాయి. వాటిని నూనె ఒత్తిడి బిగిస్తుంది, వదులుతుంది. ఏ కట్టకి ఎప్పుడు ఎంత నూనె పంపాలో వాల్వ్ బాడీ అనే చిక్కుదారుల పలక చూసుకుంటుంది. దాని మీద కరెంటుతో పనిచేసే చిన్న కవాటాలు, అంటే సోలినాయిడ్లు. వాటికి ఆజ్ఞలిచ్చేది కంప్యూటరు. సగం హైడ్రాలిక్స్, సగం మన బాపతు.

బండిని నాలుగు స్టాండ్ల మీద ఎక్కించాం (ఒట్టి జాకీని నమ్మి కిందకి దూరకండి, దణ్ణం పెడతాను). నూనె దించి ప్యాన్ విప్పాం. నూనె నల్లబడింది గానీ మాడిన వాసన లేదు. ప్యాన్‌లో అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంది. అది మామూలు అరుగుదలే. పెచ్చులు పెచ్చులుగా లోహం కనపడి ఉంటే అక్కడితో చేతులెత్తేసేవాళ్ళం. తరవాత మల్టీమీటరు తీసుకుని ఒక్కో సోలినాయిడ్ కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి! బాబాయి నా మొహం చూశాడు, నేను మీటరు మొహం చూశాను. అప్పుడు వెలిగింది. జబ్బు వేడెక్కాక కదా వచ్చేది? చెల్లి హెయిర్ డ్రయ్యరు తెచ్చి ఒక్కోదాన్నీ వేడి చేస్తూ కొలిస్తే, మూడోది కాసేపటికి మీటరులో అనంతం చూపించింది. లోపల తీగ ఎక్కడో తెగి, చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడికి విడిపోతోందన్నమాట.

కొత్త సోలినాయిడ్, ఫిల్టరు, గాస్కెట్, మాన్యువల్‌లో చెప్పిన రకం నూనె. వాల్వ్ బాడీ బోల్టులు 10 న్యూటన్ మీటర్లకి మించి బిగించకూడదని ఉంటే, ట్రాక్టరు చేతుల బాబాయికి టార్క్ రెంచ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. "ఇంతేనా? ఇది బిగించటమా?" అని ఆయన గొణుగుడు. గట్టిగా బిగిస్తే ఆ పలక వంకరపోయి లోపలి కవాటాలు పట్టేస్తాయి. అంతా కలిపి 24 వేలయింది.

కథ ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. సోలినాయిడ్ మార్చాక కంప్యూటరుకి పాత అలవాట్లు మర్చిపొమ్మని చెప్పాలి. ఇన్నాళ్ళూ చచ్చు సోలినాయిడ్‌కి తగ్గట్టు అది ఒత్తిడిని సవరించుకుంటూ వచ్చింది. ఆ సవరణలు చెరిపితేగాని కుదుపు పోదు. నా దగ్గరున్న చవక డాంగిల్ తప్పుల కోడ్లు చదువుతుంది గానీ, ఇది చెయ్యమంటే కంప్యూటరు ఒక సంఖ్య ఇచ్చి "దీనికి జవాబు చెప్పు" అంటుంది. సెక్యూరిటీ యాక్సెస్. ఇప్పటి బళ్ళలో యూడీఎస్ ప్రోటోకాల్, దీన్లో దాని పెద్దన్నలాంటి పాతది, తాళం పద్ధతి మాత్రం అదే. ఆ జవాబు లెక్క కంపెనీ దగ్గరే ఉంటుంది.

నవ్వు రాలేదు నాకు. ఎందుకంటే బెంగుళూరులో మూడేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే. అలాంటి తాళాలకి కోడు రాయటం, టెస్టు కేసులు రాయటం. "అనధికార వ్యక్తికి ప్రవేశం నిరాకరించవలెను: పాస్." ఆ అనధికార వ్యక్తి మా నాన్న అవుతాడని ఏ రివ్యూలోనూ నాకు తట్టలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన పాత లాప్‌టాప్‌లో తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌తో నాలుగు నిమిషాల్లో చేసిపెట్టాడు. పదిహేను వందలు. సొంత బండిని బాగుచేసుకోవటానికి దొంగ తాళంచెవి కావాల్సొచ్చింది.

తాళాలే వద్దని నేననటం లేదు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, దొంగతనం ఆపే ఇమ్మొబిలైజరు, వీటికి తాళం ఉండాల్సిందే. కానీ గేరుబాక్సు సవరణలు చెరపటానికీ ఇంజను తాళంచెవి నకలు చెయ్యటానికీ ఒకే తాళం ఏంటి? అది భద్రత కాదు, బద్ధకం. లేదా వ్యాపారం. ఇందులో వ్యాపారం ఉందని నేనొక్కణ్ణే అనటంలేదు. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్కులకి అందనివ్వటం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. ఆ తరవాత అప్పీళ్ళూ వాయిదాలూ మామూలే. మరమ్మతు హక్కు మీద కేంద్రం 2022 జులైలో కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి, వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. కానీ పోర్టల్ చట్టం కాదు. యూరప్‌లో మరమ్మతు సమాచారం బయటివాళ్ళకీ ఇవ్వాలని 2007 నుంచే నిబంధన ఉంది. అమెరికాలో ట్రాక్టర్ల మరమ్మతు సాఫ్ట్‌వేర్ గురించే 2025 జనవరిలో ఎఫ్‌టీసీ జాన్ డీర్ మీద కోర్టుకెళ్ళింది. ఇవ్వాళ నాన్న బండి, రేపు బాబాయి బాగుచేసే ట్రాక్టరు.

ఇంకోమాట. ఇది చదివి ఎవరూ ఆవేశంగా బాక్సు దించకండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో గేరుబాక్సూ, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసూ కలిస్తే క్వింటా దాటుతుంది, వాకిట్లో పని కాదు. నూనె, ఫిల్టరు, వాల్వ్ బాడీ దాకా ఓపికుంటే చెయ్యొచ్చు. క్లచ్ కట్టల దాకా పోతే పెద్ద షెడ్డుకి అప్పగించటమే మేలు. కానీ ఎక్కడిచ్చినా "ఏ భాగం పోయింది? ఎలా తెలిసింది?" అని అడగండి. జవాబు లేకుండా ఎస్టిమేటు మాత్రమే ఉంటే లేచి వచ్చెయ్యండి.

బండి ఇప్పుడు నడుస్తోంది. కుదుపు లేదు. మొన్న ఫోను చేస్తే చేలో కాయ కోతలో ఉన్నానన్నాడు నాన్న. "ఏరా, ఆ లాప్‌టాపాయన చేసింది నువ్వు చేసే పనేనా?" అని అడిగాడు. కాదు నాన్నా, నేను చేసేది ఆయన చెయ్యకుండా ఆపే పని అని చెప్పలేకపోయాను.

మీలో చాలామంది హైదరాబాదులోనో, చెన్నైలోనో, డెట్రాయిట్‌లోనో ఇవే కంప్యూటర్లకి కోడు రాస్తున్నారని నాకు తెలుసు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి డిజైన్ రివ్యూలో ఏ పనికి తాళం వెయ్యాలో జాబితా వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "ఈ పనికి తాళం ఎందుకు?" మహా అయితే మేనేజరు విసుక్కుంటాడు. నేను మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.