వికీ నుంచి కాపీ వద్దు, వికీలో రాయించండి

స్కూల్లో ప్రాజెక్టు వర్క్ ఇచ్చారంటే మన ఇళ్లలో జరిగేది ఒకటే. ఫోన్ తీయడం, వికీపీడియాలో దొరికింది చార్టు మీదికి ఎక్కించడం. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు, ఏఐని అడిగితే క్షణంలో రాసిచ్చేస్తోంది. మార్కులైతే వస్తాయి. పిల్లలకు వచ్చిందేమిటి?

ఎవరైనా రాయొచ్చు కాబట్టి వికీని నమ్మలేం అంటారు చాలామంది టీచర్లు. నిజమే. కానీ స్కూలుకు పనికొచ్చేది కూడా ఆ గుణమే. పిల్లలతోనే రాయించొచ్చు.

వికీలో ప్రతి పేజీకీ ‘చరిత్ర’ ఉంటుంది. ఏ మార్పు ఏ ఖాతా నుంచి, ఎప్పుడు జరిగిందో అందులో కనిపిస్తుంది. కామర్స్ భాషలో చెప్పాలంటే, దిద్దుబాట్లు దాచలేని లెడ్జర్. ఐదుగురి ప్రాజెక్టులో ఎవరు పని చేశారో, ఎవరు పేరు మాత్రం పెట్టుకున్నారో టీచరుకు తెలిసిపోతుంది. మాట తేడా వస్తే ‘చర్చ’ పేజీలో తేల్చుకోవాలి. ఆధారం చూపని వాక్యాన్ని ఎవరైనా తీసేయొచ్చు. కాబట్టి లైబ్రరీకి వెళ్లక తప్పదు.

మన పిల్లలకు ఇక్కడ ఒక అవకాశం ఉంది. తెలుగు వికీపీడియా 2003లో, ఉర్దూ వికీపీడియా 2004లో మొదలయ్యాయి. తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయి, ఉర్దూలో 2 లక్షలు. రెండింటినీ కలిపే చేతులు కావాలి. హైదరాబాద్ పాత సంగతులు ఎన్నో ఉర్దూ పుస్తకాల్లోనే ఉన్నాయి. 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ, ఇప్పటి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో అలాంటివి చూడొచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామందికి ఆ లిపి రాదు. దాదా చదివి చెబితే మనవరాలు తెలుగులో రాయగలదు. కానీ చదివి చెప్పే పెద్దలు ఎన్నాళ్లుంటారు?

ఒక పరిమితి ఉంది. నానీమా చెప్పిన ముచ్చట ఎంత విలువైనదైనా, ప్రచురితమైన ఆధారం లేకపోతే వికీపీడియా ఒప్పుకోదు. వాటి కోసం స్కూలే సొంత వికీ పెట్టుకోవచ్చు. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఎక్కడ రాసినా పిల్లల అసలు పేర్లు, ఫొటోలు బయట పెట్టకూడదు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఇంకో మాట అడగండి. ఒక క్లాసు, ఒక టర్మ్, మన ఊరి మీద ఒక్క పేజీ. ఖర్చు పెద్దగా లేదు, టీచరు పూనుకుంటే చాలు.