కిళువై కంచె పీకి కంబివేలి వేస్తారా?

ఊర్లో తోట పంచుకున్న మన దాయాదుల్లో కొందరు ఈ ఏడు ఒకటే పాట. జేసీబీ తెచ్చి పాత కంచె పీకేద్దాము, రాతి కూసాలు నాటి కంబివేలి వేద్దాము, ‘నీట్‌గా’ ఉంటుంది అని. నీట్‌గా ఉంటుంది, కాదనము. కానీ కంచె ఉండేది ఫోటోకు కాదు కదా!

కొంగునాట్లో మూడు తరాలు సేద్యం చేసినవాళ్ళకు ఈ సంగతి మేము చెప్పాలా? కాంగేయం, ధారాపురం వైపు పోయి చూడండి. కొరంగాడు అనే మేతబీళ్ళను గదులు గదులుగా కట్టింది ఈ కిళువై ముళ్ళే. కాంగేయం ఎద్దులు పెరిగింది వాటి నడుమనే. కాపరి లేకున్నా మన పశువు లోపల ఉంటుంది, పరాయి పశువు బయట ఉంటుంది. తమిళులు దీన్ని ‘ఉయిర్‌వేలి’ అంటారు, ప్రాణమున్న కంచె అని. పేరు ఊరికే పెట్టలేదు. కొమ్మ నరికి వానకు ముందు గుచ్చితే చాలు, వేరు పోస్తుంది. ఆకు మేకలకు మేత. ముంగిస, కౌజుపిట్ట అందులోనే కాపురం. కంబి తుప్పు పడుతూ పోతుంది, కిళువై ఏటికేడు చిక్కబడుతుంది.

స్థలం తింటుంది అంటారు. తింటుంది, రెండు మూడు మూరలు. ఏటా కొట్టకుంటే పక్కచేలోకి కూడా పోతుంది, సర్వేరాయి కనబడదు, తగువు వస్తుంది. అది కత్తి పట్టనివాళ్ళ తప్పు, చెట్టుది కాదు.

అట్లాగని ముల్లు ఏదైనా ఒకటే అనుకునేవాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. మామిడికాయలకు వచ్చే పిల్లకాయలకు బుద్ధి చెప్పాలని గోడ పొడుగునా దూలగొండి తీగ పారించమని ఒక బావ సలహా. ఇంకొకరు బడిదారి పక్కన బొమ్మజెముడు పెట్టారు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కంచె అనేది వచ్చేవాణ్ణి ఆపాలి, పొంచి ఉండి కొట్టకూడదు. లైన్‌లోంచి కరెంటు లాగి తీగకు ఇచ్చేవాళ్ళ గురించి చెప్పనే అక్కరలేదు. ఏనుగులు చచ్చాయి, మనుషులూ చచ్చారు. అది కంచె కాదు, నేరం.

సర్కారు తుమ్మ కూడా వద్దు. 1870లలో కడప జిల్లా కమలాపురంలో మేలు జరుగుతుందనే నాటారు. ఇప్పుడు రామనాథపురం, విరుదునగరం చెరువుల్లో దాన్ని పీకలేక చస్తున్నారు, కోర్టుల దాకా పోయింది. నాగజెముడు కథా అంతే. పరాయి దేశపు ముల్లు బీళ్ళన్నీ కమ్ముకుంటే 1926లో సిలోను నుంచి పురుగును తెచ్చి వదిలితే గానీ అణగలేదు. ఈ నేలలో పుట్టిన కిళువై అట్లా ఎవరి మీదా పడలేదు. వాక్కాయ పొద ఉంది, ఊరగాయకు కాయ కూడా ఇస్తుంది. గచ్చపొద ఉంది, కొక్కెం ముళ్ళతో చొక్కా పట్టుకుంటే వదలదు.

ఇంకొక మాట. పాత కంచెలో మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు ఒకటి ఉండేది, పశువు పట్టదు. నీళ్ళకు వచ్చే ఆడవాళ్ళకని పెద్దలు విడిచింది. కొత్త కంబివేలి ప్లానులో ఆ సందు ఎక్కడా గీయలేదు. బావి మనదే అయినా దారి అందరిదీ. అది మూసేవాళ్ళు ముందు ఊరివాళ్ళకు జవాబు చెప్పండి.

పడమటి గట్టు మాది, అక్కడ జేసీబీ రాదు. తొలివానకు ముందు కిళువై కొట్టిస్తాము, కొమ్మలు కావలసినవాళ్ళు బండి తెచ్చుకోండి, డబ్బు అడగము.